చాంబర్ బోల్టు ముట్టకుండా

"ఆ టంగుటంగు పట్టించుకోకు బిడ్డా. ఒక్కటి కొడితే అవును, రెండు కొడితే కాదు. గంతే ఆయన భాష. నేనేం జెప్పినా రెండే కొడ్తడు. పెండ్లయి నలభై ఆరేండ్లాయె. గప్పుడు నోటితోటి కొట్టిండు, గిప్పుడు పానాతోటి కొడ్తుండు."

రాజేశ్వరమ్మ ఈ మాటలంటూనే గోధుమపిండి ముద్దను అరచేతుల మధ్య పెట్టి తాడులా పేనుతోంది. ఆమె ముందు గ్యారేజీ నేల మీద అట్టపెట్టె విప్పి పరిచి ఉంది. దాని మీద పెద్ద ప్రెషర్ కుక్కర్. మూత మీద విజిల్ ఉండాల్సిన చోట ఒక సన్నటి గొట్టం, సేఫ్టీ వాల్వు పీకేసిన చిల్లులో ఇంకో గొట్టం. మొదటిది పాత వ్యాన్ బానెట్ కిందికి పోయింది. రెండోది టిఫిన్ డబ్బా అంత ఉన్న తెల్లని మోటారు పెట్టెకు తగిలించి ఉంది.

ఇంట్లోకి వెళ్లే గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో ఆమె భర్త కొండల్ రావు కూర్చుని ఉన్నాడు. తలకు మంకీ టోపీ, మోకాళ్ల మీద రగ్గు, ఎడమ చేతిలో పదిహేడో నంబరు పానా. రెండేళ్ల కిందట జనవరిలో, కొడుకు వేణుమాధవ్ వద్దని మొత్తుకుంటున్నా వినకుండా వాకిట్లో మంచు తోస్తూ పడిపోయాడు. కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది. చెవులకు మాత్రం ఏమీ కాలేదు. భార్య చెప్పే ప్రతి మాటా వింటున్నాడు.

మాది అదే వీధిలో రెండిళ్ల అవతల ఇల్లు. అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చినప్పటి నుంచీ నా బండి పని నేనే చేసుకోవాలని, వీడియోలు చూసి ఏవేవో విప్పుతూ ఉంటాను. విప్పినవి బిగించడం రాక ఒకటి రెండుసార్లు రాజేశ్వరమ్మ చేత తిట్లు తిన్నాను. పొద్దున ఆమే ఫోన్ చేసి, "ఇయ్యాల వ్యాన్ ఇంజిన్‌లకెల్లి పాత నూనె గుంజుతున్న. నువ్వు తప్పక రావాలె. సూడటానికి ఒక మనిషి కావాలె" అంది. పని నేర్పడానికి పిలిచిందనుకున్నాను.

గ్యారేజీ తలుపు సగమే ఎత్తింది. వాకిట్లో బండి పని చేస్తే కాలనీ అసోసియేషన్ వాళ్లు హెచ్చరిక ఉత్తరం పంపుతారు. ఆ సగం సందులోంచి ఏప్రిల్ ఎండ లోపలికి పడుతోంది. బయట కరగగా మిగిలిన మంచుకుప్ప ఉప్పూ మట్టీ కలిసి బొగ్గులా ఉంది.

"ఈ మోటర్ ఏందో ఎరికేనా?" అంది పిండి తాడును మూత అంచు చుట్టూ ఒత్తుతూ. "గీయన గొంతుల కఫం గుంజినదే. దవాఖాన్ల గొంతుకు చిల్లువెట్టి పైపు వేసిన్రు. ఇంటికి తెచ్చినంక ఎనిమిది నెలలు నేనే గుంజిన. నర్సు పిల్ల వచ్చి ఇంగ్లిష్‌ల చెప్పింది, నాకేం తెలిసింది? ఆమె చేతులు సూసి నేర్చుకున్న. మోటర్ సీసాలకెల్లి గాలి గుంజుతది, సీస గొంతులకెల్లి కఫం గుంజుతది. మోటర్‌లకు కఫం పోదు, నడుమ సీసలనే పడ్తది. గంతే కత. దినానికి పది పన్నెండు సార్లు."

"చాలా కష్టపడ్డారు పెద్దమ్మా."

"కష్టమేంది. నిజం జెప్పాల్నా?" ఆమె తల ఎత్తి భర్త వైపే చూస్తూ చెప్పింది. "ఒక్కోసారి గొంతు గురగురమంటుంటె, నా దిక్కు సూసేటోడు. ఆ సూపు ఎన్నడు సూడలే నేను. నలభై నాలుగేండ్ల కాపురంల నా దిక్కు గట్ల అడుక్కుంటున్నట్టు సూసింది గప్పుడే. పైపు చేతిలనే ఉంటుండె. పది దాంక లెక్కవెట్టి, గప్పుడు గుంజేదాన్ని."

కుర్చీ నుంచి చప్పుడు రాలేదు. అవునూ కాదూ రెండూ అనలేదు.

"సూసినవా? నిజం చెప్తే కొట్టడు" అని నవ్వింది.

ఆ సీసాకు బదులుగా మొదటి ప్రయత్నం పాల డబ్బాతో చేసిందట. గ్యాలన్ పాల డబ్బా మూతకు రెండు చిల్లులు పెట్టి, గొట్టాలు దూర్చి, మోటారు వేస్తే నూనె రాలేదు కానీ డబ్బా దవడలు పోయిన ముసలమ్మ బుగ్గల్లా లోపలికి పీక్కుపోయింది. అప్పుడు వంటింట్లో కోడలు ఇంద్రజ కుక్కర్ కనిపించింది. అది మూత లోపలికి దూర్చి బిగించే రకం. గట్టి గిన్నె, ఇంకేం కావాలనుకుంది. మోటారు వేసిన నిమిషానికి మూత జారి గిన్నెలో పడింది.

"గంటసేపు కూసొని ఆలోచన జేసిన బిడ్డా. అన్నం ఉడికేటప్పుడు ఆవిరి లోపటికెల్లి తన్నుతది, తన్నితే గా మూత పైకి వొయ్యి అంచుకు కరుసుకుంటది. మనం తన్నుతలేం, గుంజుతున్నం. గుంజితే మూత లోపటికే పోతది గదా? గప్పుడు బుద్ధికి తోచింది. మూత పై నుంచి కూసునే కుక్కర్ కావాలె. గుంజినకొద్దీ ఇంకింత అతుక్కుంటది."

"ఇంద్రజ ఏమనలేదా?"

"అనకేంది. 'అత్తయ్యా, దట్స్ మై పప్పు కుక్కర్' అని ఏడ్సినంత పని జేసింది. వేణుగాడేమో, అమ్మా, షాప్‌కి తీస్కపోతే అరగంటల చేంజ్ చేస్తరు, ఎందుకు నీకీ టెన్షన్ అంటడు. గా బండి ఎట్లయినా ఇచ్చేసేదేనంట, నీ ఇష్టమున్నట్టు చేస్కో అన్నడు. నాకు షాపెందుకురా అన్న. కోడలే ఇండియన్ స్టోర్ల గీ పై మూత కుక్కర్ కొనిచ్చింది, నా వంటింట్లకు రావొద్దని ఒట్టు వెట్టించుకుని." ఆమె మూత మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. "రబ్బరున్నా గాలి తీస్తది. అందుకే దమ్ బిర్యానికి పెట్టినట్టు పిండి పెడ్తున్న. ఎండి పగులకుంట పైన జర నూనె రాయాలె. నువ్వు రాయి."

నేను మంచినూనె రాస్తూ, పొద్దుటి నుంచీ నాలుక చివర ఉన్న ప్రశ్న అడిగాను. "ఇంత తిప్పలెందుకు పెద్దమ్మా? బండి కింద దూరి నూనె చాంబర్ అడుగున ఉన్న బోల్టు విప్పితే ఐదు నిమిషాల్లో నూనె కారిపోతుంది కదా. మీకు దూరడం కష్టమైతే నేను దూరతాను."

టంగ్, అని కుర్చీ చేయి మీద పానా పడింది. ఒక్కటే. కొండల్ రావు నా మాటను ఒప్పుకున్నాడు.

"ఊఁ. మేస్త్రికి నీ మాట నచ్చింది" అంది రాజేశ్వరమ్మ. "నూనె పైకెల్లి గుంజుడు దొంగ పనంట. అడుగున మడ్డి మిగుల్తదంట. సూర్యాపేటల గట్ల జేసినోన్ని షెడ్‌లకెల్లి ఎల్లగొట్టేటోడు. అందుకే ఈయన ముందట కూసోవెట్టి చేస్తున్న."

ఆమె వ్యాన్ ఎక్కి ఇంజిన్ స్టార్ట్ చేసి దిగింది. "ఐదు నిమిషాలు నడవనీ. నూనె వెచ్చవడ్తె పలుసనైతది." అట్ట మీద మళ్లీ కూర్చుని, చేతులు పాత టవల్‌కు తుడుచుకుంటూ, మాట తెగినచోటే అందుకుంది.

"చాంబర్ బోల్టు నేను ముట్ట. ఒట్టు వెట్టుకున్న."

సూర్యాపేట హైవే మీద కొండల్ మేస్త్రి లారీ షెడ్డంటే అప్పట్లో తెలియని డ్రైవర్ లేడు. ఆ షెడ్డు వెనకే వాళ్ల రెండు గదులు. రాజేశ్వరమ్మ వండి పంపేది, నూనె బట్టలు కిరసనాయిల్‌లో నానబెట్టి ఉతికేది. కానీ లారీ కింద నిలబడి పనిచేసే గుంత దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆడదాని నీడ పడితే మర తప్పుతుందని ఆయన నమ్మకం. ఏడాదికొక్కరోజు, దసరాకు, పానాలన్నీ చింతపండుతో తోమే పని ఆమెది. తోమినవాటికి పసుపు కుంకుమ పెట్టేది మాత్రం ఆయనే.

"తొంభై ఆరు. మేడారం జాతర. షెడ్ల పనోళ్లు ఇద్దరు జాతరకు పోయిన్రు. ఈయనకు అంతకుముందు దినమే కుడి చెయ్యి జాకీ కింద నలిగింది, కట్టు కట్టుకున్నడు. గప్పుడొచ్చింది కోదాడ షావుకారి లారీ. నూనె మార్చాలె, గంటల పోవాలె. ఈయన గుంతలకు దిగిండు. బోల్టు ఎడమ చేత్తోటి పెట్టిండు. బిగిచ్చుడు ఒంటిచేత్తోటి అయితలేదు. నన్ను పిలిచిండు. పదిహేడేండ్లల మొదటిసారి, రావే, గుంతలకు దిగు అన్నడు."

టంగ్ టంగ్.

"ఏం కాదు? పిల్వలేదా నువ్వు?" అని గద్దించింది. పానా ఆగింది. "నాకెంత సంబురమైందో చెప్తే నవ్వుతవ్ బిడ్డా. చీర కుచ్చిళ్లు చెక్కుకుని దిగిన. పానా చేతికిచ్చిండు. రెండు చుట్లు తిప్పిన్నో లేదో గట్టిగయింది. తిరుగుతలేదయ్యా అన్న. తిప్పు మొద్దుదానా, అన్నం తినలేదా అన్నడు. కాళ్లు తన్నివెట్టి తిప్పిన. కటక్కుమన్నది. నూనె పోసినంక సూస్తే కింద ఒకటే ధార. బోల్టు కూసునే మర మొత్తం పోయింది, చాంబరే మార్చాలె. షావుకారి నోటికొచ్చినట్టు తిట్టుడు మొదలువెట్టిండు, ఎవడ్రా బిగిచ్చింది, నువ్వు మేస్త్రివా, పశులకాపరివా అని."

వ్యాన్ ఇంజిన్ ఒకటే గుర్రున తిరుగుతోంది.

"గుంత గట్టు మీద ఇనుప తట్టల, లారీ నుంచి తీసిన పాత నూనె ఉన్నది. ఈయన గుంతలకెల్లి పైకొచ్చి, నన్ను జబ్బ పట్టి గుంజుకొచ్చి నిలవెట్టిండు. ఇగో, గీ లంజ బిగిచ్చింది అన్నడు. ఆ తట్టెత్తి నా నెత్తిల కుమ్మరిచ్చిండు. కట్టున్న చేత్తోటి కూడ పట్టుకున్నడు సూడు తట్ట, అది యాదుంటది నాకు. నొప్పి లేకుంటుండెనేమో గప్పుడు. కండ్లల్ల, ముక్కుల, నోట్ల. షావుకారి నవ్విండు. డ్రైవర్ నవ్విండు. చాయ్ హోటల్‌కాడ కూసున్నోళ్లు లేసొచ్చిన్రు. లెక్కవెట్టిన, పదకొండుమంది. గా నల్ల నూనెలకెల్లి కండ్లు తెరిచి ఎట్ల లెక్కవెట్టిన్నో నాకే తెల్వదు, గని పదకొండుమంది."

కుర్చీ వైపు చూడటానికి నాకే సిగ్గేసింది.

"సీకాయతోటి ఎనిమిది దినాలు రుద్దుకున్న. నడుము దాంక జుట్టుండె నాకు. పోయిన జిడ్డు పోయింది, పోనిది కత్తిరిచ్చిన. తొమ్మిదో దినం మా తమ్ముని పెండ్లి. పోలే. అక్కెందుకు రాలేదని ఇప్పటికీ అడుగుతడు, జరమొచ్చిందని చెప్తున్న. గా దినం ఒట్టువెట్టుకున్న, చచ్చేదాంక చాంబర్ బోల్టు ముట్టనని. ఎప్పటికన్న బోల్టు ముట్టకుంటనే నూనె తీసి సూపెడ్తనని గూడ. రెండోది ఎట్లయితదో గప్పుడు తెల్వదు."

ఆమె లేచి ఇంజిన్ ఆపింది. ఆయిల్ గేజి పుల్ల పైకి లాగి, తుడిచి పక్కన పెట్టి, అదే రంధ్రంలోకి సన్న గొట్టాన్ని మెల్లగా దింపసాగింది. రెండు వేళ్లతో, తలను కాస్త పక్కకు వంచి, ఎక్కడ తగులుతోందో వింటున్నట్టుగా. గొంతులోకి పైపు దింపడం ఇలాగే నేర్చుకుని ఉంటుంది. "తాకింది. అడుగు" అని గుసగుసగా అని, నాకు సైగ చేసింది. నేను మోటారు స్విచ్ వేశాను.

మోటారు ఈల వేసింది. మూత కటుక్కున కూర్చుంది. పిండి తాడు ఒకచోట చీలబోతే ఆమె బొటనవేలితో నొక్కేసింది. గొట్టంలో చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నల్లని కొస ఒకటి, చీమలబారులా, పైకి పాకుతూ కనిపించింది. వంపు దాటింది. కుక్కర్ లోపల మొదటి చుక్కలు పడిన చప్పుడు ముగ్గురమూ విన్నాం.

"ఓరి దేవుడా!" అన్నాను. "పెద్దమ్మా, వస్తోంది!"

ఆమె మురిసిపోలేదు. కుర్చీ వైపు తిరిగి నిలబడింది. "సూడు. బోల్టు ముట్టిన్నా? కిందికి వంగిన్నా? చీరకు చుక్క అంటిందా?"

టంగ్ టంగ్, అన్నాడాయన. అంటలేదనే అయి ఉంటుంది.

నూనె మొత్తం రావడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా ఆమె నాతో మామూలు మాటలే చెప్పింది. పక్కింటివాళ్ల కుక్క గురించి, టమాటా నారు ఇప్పుడే పెట్టొద్దని. కొండల్ రావు కళ్లు మాత్రం గొట్టం మీదే ఉన్నాయి. చివరికి గొట్టం గరగరమని గాలి మింగింది. సరిగ్గా రోగి గొంతులా. ఆ చప్పుడుకు ఆయన భుజాలు ఒక్కసారి ముడుచుకున్నాయి.

రాజేశ్వరమ్మ మోటారు ఆపింది. చేతులు తుడుచుకుని, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని భర్తకు ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఇగ అడుగుత. ఇరవై తొమ్మిదేండ్లాయె, నోరున్నప్పుడు అడిగితే చెంప మీద కొట్టినవ్. గిప్పుడు సాక్షి గూడ ఉన్నది." నన్నెందుకు పిలిచిందో అప్పుడర్థమైంది. "ఏమయ్యా, ఆ దినం బోల్టు నేను ముట్టకముందే, నువ్వు ఎడమ చేత్తోటి పెట్టినప్పుడే మరకు అడ్డం పోయిందా?"

పానా కదల్లేదు.

"నాకు తొందర లేదు. ఇంద్రజ ఐదింటి దాంక రాదు. చాయ్ కూడ నేను లేస్తెనే."

ఆయన ఆమెను చూడలేదు. నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఎంతసేపయిందో తెలియదు, టంగ్, అని వినపడింది. రెండోదాని కోసం ఎదురుచూశాను. రాలేదు.

రాజేశ్వరమ్మ గొంతులో ఏ మార్పూ లేదు. "గుంతలకెల్లి పైకొచ్చేటప్పటికి నీకెరికేనా, తప్పు నీదని?"

టంగ్.

"తట్టెత్తినప్పుడు?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. టంగ్.

"మరి ఎందుకు పోసినవ్ నా నెత్తిన?"

పానా గాలిలో ఆగిపోయింది. దానికి అవునూ కాదూ రెండూ జవాబు కావు. ఆయన పెదవి ఒక పక్కకు లాగి, గొంతులోంచి ఏదో గాలి వచ్చింది, మాట కాలేదు. ఆమె కొంచెంసేపు ఆ తంటా చూసింది. సాయం చేయలేదు. తర్వాత తనే అడిగింది.

"షావుకారి ముందట ఇజ్జత్ పోతదనా?"

టంగ్.

"గంతేనా?"

టంగ్.

ఆమె స్టూలు మీదే వెనక్కి జరిగింది. "నేనేమేమో అనుకున్న" అంది, ఆయనతో కాదు, నాతో. "తాగి ఉన్నడేమో అనుకున్న. నన్ను నిజంగనే మొద్దుదనుకున్నడేమో, కోపానికి ఆగలేకపోయిండేమో అనుకున్న. ఇరవై తొమ్మిదేండ్లు గా కోపాన్నే పట్టుకుని సంసారం జేసిన బిడ్డా. కోపం లేదంట. తెలివితోటే పోసిండంట."

లేచి వెళ్లి పిండి తాడును ఊడబెరికింది. మూత రాలేదు. గొట్టం తీసి గాలి వదిలితే బుస్సుమని ఊడింది. కుక్కర్‌లో నాలుగు లీటర్ల పైన నల్లగా, అద్దంలా, కదలకుండా ఉంది. ఆమె చీర కొంగు నడుముకు దోపి, ముంజేతిని మెల్లగా నూనెకు తాకించింది. పసిపిల్లకు పోసే నీళ్ల వేడి చూసినట్టు చూసింది.

"గోరువెచ్చగున్నది" అంది.

"పెద్దమ్మా," అన్నాను. "వద్దు. ఇలా ఇవ్వండి, షాపులో పాత నూనె తీసుకుంటారు, నేను పారబోసి వస్తాను."

"ఏం వద్దు? నేనేమన్న అన్ననా?"

ఆమె కుక్కర్‌ను రెండు చెవులూ పట్టుకుని ఎత్తి, తెచ్చి, చక్రాల కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టింది. కొండల్ రావు దాన్ని చూశాడు. తర్వాత పానాను రగ్గు మీద పెట్టాడు. ఎడమ చేతిని తల మీదికి తీసుకెళ్లి, మంకీ టోపీ కొస పట్టుకుని లాగాడు. అది చెవి దగ్గర ఇరుక్కుంది. మళ్లీ లాగాడు. ఊడిన టోపీని ఒళ్లో పెట్టుకుని, పలచటి తెల్ల వెంట్రుకలతో, తల కొంచెం ముందుకు వంచి కూర్చున్నాడు.

రాజేశ్వరమ్మ ఆ తలను చాలాసేపు చూసింది. దోపిన కొంగును ఇంకాస్త బిగించుకుంది.

"బిడ్డా, మీ ఇంట్ల సీకాయ పొడి ఉన్నదా?"

"లేదు పెద్దమ్మా. షాంపూ..."

"షాంపూకు పోదది. నాకెరికే." ఆమె నా వైపు తిరగలేదు. "గ్రాండ్ రివర్ రోడ్డు మీద ఇండియన్ స్టోర్ల దొరుకుతది. పోయి తీస్కరా. పెద్ద ప్యాకెట్ తే, ఎనిమిది దినాలు వడ్తది. నన్ను పదకొండుమంది సూసిన్రు. ఈయన్ను ఎవ్వరు సూడొద్దు. తొందర్లేదు, మెల్లగ రా. పోయేటప్పుడు ఆ తలుపు కిందికి దించి పో."